గవిసెన

మా అమ్మాయికి ట్యాబ్ కొన్న రోజు మా యింట్లో పండగలా గడిచింది. దానికి కవరు కొన్న రోజు మాత్రం చిన్న యుద్ధమే జరిగింది. పద్దెనిమిది వేల రూపాయల వస్తువు ఏది కావాలో తేల్చుకోవడానికి పావుగంట చాలింది. దాని మీద కప్పే పదిహేను వందల తొడుగు కోసం రెండు సాయంత్రాలు నెల్లూరు ట్రంకురోడ్డు చుట్టూ ప్రదక్షిణాలు చేశాం. నవ్వకండి! చీర కొన్నంత సులువుగా దాని మీదికి జాకెట్టు గుడ్డ ఎప్పుడైనా దొరికిందా మీకు?

అమ్మాయికి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సముద్రంలో బతికే జీవాల గురించి చదువుతుందట. "సముద్రం ఇక్కడా ఉంది గదే! మైపాడులో మీ తాతగారి మేడెక్కితే కావలసినంత కనబడుతుంది. దానికోసం ఆరొందల కిలోమీటర్లు పోవాలా?" అన్నాను. "చూడ్డానికి అక్కర్లేదమ్మా, చదవడానికి పోవాలి" అంది. మావారు పేపరు చాటున నవ్వుకున్నారు. ఆయనకేం, తండ్రి. పిల్ల గెలిచిందని మురిసిపోతారు. ఊరు కాని ఊళ్లో, చీకటి పడ్డాక హాస్టలుకి ఒక్కతే ఎట్టా నడిచొస్తుందో ఊహించుకోవడం మన వంతు.

ఆ బెంగతోనే షాపుకి వెళ్లాను. కాబట్టి నేను వెతికింది ట్యాబ్‌కి కవరేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

షాపులో కుర్రాడు ఓపిగ్గా ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. ఒకటి పల్చటి మెత్తటి తొడుగు, ఉల్లిపొరలాంటిది. ఇంకొకటి పుస్తకం అట్టలా మూసుకునేది. అందులో అయస్కాంతం ఉంటుందట. మూస్తే ట్యాబ్ నిద్రపోతుంది, తెరిస్తే లేస్తుంది. మా పిల్లలెవరూ చిన్నప్పుడు అంత బుద్ధిగా లేరు. మూడోది జిప్పు సంచి. నాలుగోది నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచి. ఐదోదాన్ని చూస్తే నాకు వస్తాదు గుర్తొచ్చాడు. మూడు పొరల రబ్బరు, నాలుగు మూలలా బుడిపెలు, వెనక పట్టుకోడానికి పిడి, మెడకి తగిలించుకోడానికి పట్టా!

అమ్మాయి ఉల్లిపొర అంది. నేను వస్తాదు అన్నాను.

"ఇది మోస్తూ తిరగమంటావా? ట్యాబ్ కంటే ఇదే బరువుంది."

"బరువైతే ఏం, భద్రంగా ఉంటుంది."

కుర్రాడు మా ఇద్దరి మొహాలూ చూసి, "దేన్నించి కాపాడాల మేడమ్?" అనడిగాడు.

"అన్నిట్నించీ" అన్నాను ఠక్కున.

"అన్నిట్నించీ కాపాడేది ఒకటే ఉంది మేడమ్. అది వచ్చిన అట్టపెట్టె. సీలు తియ్యకుండా బీరువాలో పెట్టుకోండి" అన్నాడు.

ఇరవై రెండేళ్లుంటాయేమో వాడికి. ఎమ్మే చదివి, పాతిక నవలలు రాసిన నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టాడు.

అక్కడ కూర్చుని నేర్చుకున్న నాలుగు ముక్కలు మీకూ చెబుతాను, ఎప్పుడైనా పనికొస్తాయి. కవరు దెబ్బని మాయం చెయ్యదు. మనం గుడ్లని ఊకలో పెట్టి పంపుతామే, అదే సూత్రం. ఒక్క రెప్పపాటులో తగలాల్సిన దెబ్బని మెత్తటి పదార్థం కాస్త సాగదీసి, నాలుగు వైపులకీ పంచుతుంది. అద్దం ఎక్కువగా పగిలేది మూల మీద పడ్డప్పుడు. బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది కాబట్టి. అందుకని కవరు కొనేటప్పుడు బొమ్మలూ రంగులూ కాదు, మూలలు చూడాలి. అంచు అద్దం కంటే రవ్వంత ఎత్తుగా ఉందో లేదో చూడాలి. అప్పుడు బోర్లా పడినా అద్దం నేలకి తగలదు. అన్నట్టు, గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దవాళ్లుంటే, అయస్కాంతం ఉన్న కవర్లు రొమ్ముకి ఆనించుకోకుండా చూడండి.

ఇక మా సముద్రం పక్క ఊళ్ల సంగతి వేరు. మైపాడులో మా పుట్టింటి కిటికీ ఊచలు ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తాయి. ఉప్పు తేమని పీల్చుకుంటుంది, తేమ ఇనుముని తినేస్తుంది. మందపాటి కవరు ఉంటే ఉప్పుగాలి లోపలికి పోదనుకున్నాను. "పోతది మేడమ్, పోయింది బయటికి రాదు" అన్నాడు కుర్రాడు. కవరుకీ ట్యాబ్‌కీ మధ్య ఒక్క ఇసక రేణువు దూరిందంటే, సాన మీద గంధం చెక్కలా తీసిన ప్రతిసారీ పెట్టిన ప్రతిసారీ అరగదీస్తుంది. ఆ కవరుతోనే ఛార్జింగు పెడితే వేడి బయటికి పోక బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకని ఎంత మంచి కవరైనా అప్పుడప్పుడూ విప్పి, పొడిగుడ్డతో తుడిచి, గాలి తగలనివ్వాలి.

ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీర తెల్లగుడ్డలో చుట్టి, ఇరవై ఎనిమిదేళ్లు ఎవర్నీ ముట్టనివ్వకుండా దాచింది. నా పెళ్లికి కట్టుకుందామని తీస్తే మడతల వెంబడి గీత గీసినట్టు చీరింది. ఏటా ఒకసారి విప్పి మడత మార్చి ఉంటే ఎన్నాళ్లో ఉండేది. పురుగు కొట్టలేదు, ఎలుక కొరకలేదు. దాచడం వల్లే పోయింది.

సరే, చివరికి మా అమ్మాయి మాటా నా మాటా కాకుండా మధ్యరకం ఒకటి తీసుకున్నాం. పల్చగానే ఉంటుంది, మూలలు మాత్రం గట్టివి. పసుపు రంగు. డబ్బు కడుతుండగా కుర్రాడు గొంతు తగ్గించి, "ఇంకో కాపలా కూడా ఉంది మేడమ్. ట్యాబ్ యాడుందో మీ ఫోన్లో కనబడేట్టు పెట్టమంటారా? దొంగలెత్తుకుపోయినా తెలుస్తది" అన్నాడు.

అమ్మాయి అటువైపు ఇయర్‌ఫోన్లు చూస్తోంది. ట్యాబ్ నా మెయిలుతోనే తెరిచాం. సిమ్ కూడా వేశాం. "పెట్టు" అన్నాను, అంతే మెల్లగా.

చూశారా, అప్పుడు నా మనసులో దొంగ లేడు. ట్యాబ్ ఎక్కడుంటే పిల్ల అక్కడుంటుంది గదా అన్నదే ఉంది. ఇంటికొచ్చాక ఫోను తెరిచాను. నెల్లూరు పటం మీద, మా వీధిలో, చిన్న చుక్క. పక్కగదిలో అమ్మాయి పాట వినబడుతూనే ఉంది. అయినా ఆ చుక్కని చూస్తే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయి చూసే నాకు భయం వేసింది.

ఆ రాత్రి మా జేజి వీణ గుర్తుకొచ్చింది. పనస కర్రతో చేసిన వీణ. జేజి పుట్టింటి నుంచి సారెతో పాటు వచ్చింది. దానికి ఎర్రటి మందపాటి గుడ్డతో గవిసెన కుట్టారు. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలీదేమో. వీణకీ కత్తికీ విలువైన వస్తువులకీ తొడిగే గుడ్డ తొడుగుని గవిసెన అనేవాళ్లు. ఏడాదికోసారి, సరస్వతీ పూజనాడు, గవిసెన విప్పి, వీణకి బొట్టుపెట్టి, హారతిచ్చి, మళ్లీ తొడిగేవాళ్లు. పదేళ్లొచ్చేదాకా అది మోగే వస్తువని నాకు తెలీదు. వీణంటే ఒక దేవుడనుకునేదాన్ని. ఒకసారి అడిగాను, "ఎందుకు వాయించవు జేజీ?" అని. "పాడైపోతుందమ్మా" అంది. ఆవిడ ఆ మాట వీణ గురించి అనలేదని పెద్దయ్యాక అర్థమైంది. కోడలు పిల్ల వీణ వాయిస్తే వీధిలో పోయేవాళ్లకి వినబడుతుంది. వినబడితే పాడైపోయేది ఇంటి పరువు. దాన్ని కాపాడ్డానికి వీణ మీద ఎర్రగుడ్డ పడింది. ఆవిడ్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎంతో అపురూపంగా చూసుకున్నారు. వీణనీ అంతే అపురూపంగా చూసుకున్నారు.

పుస్తకాన్నీ, ఆడదాన్నీ, డబ్బునీ ఒకే గాటన కట్టి, చెయ్యి దాటితే తిరిగి రావని చెప్పే పాత మాట ఒకటుంది. చిన్నప్పుడు లైబ్రరీ పుస్తకం ఎవరికో ఇచ్చి పోగొట్టుకుంటే మా మాస్టారు ఆ మాటే అన్నారు. నేనేమో పుస్తకంలాంటి ట్యాబ్‌నీ, ఆడపిల్లనీ, పెట్టిన డబ్బునీ కలిపి ఒకే చుక్కగా ఫోన్లో కట్టేసుకున్నాను! జేజికి గవిసెన కనబడేది. మా అమ్మాయికి అది కూడా కనబడదు.

మరైతే ఏ రక్షణా వద్దా? అట్లాగని వేదాంతం చెప్పను. ఆడపిల్లని కన్న ఏ తల్లి భయమూ ఉత్త భయం కాదు. భారతంలో కర్ణుడు సహజ కవచం ఒలిచి ఇచ్చేశాడు. చివరికేమయిందో మనకి తెలుసు. కాని అదే వంశంలో తర్వాత పుట్టిన పరీక్షిత్తు కథా మనకి తెలుసు. పాము కాటు తప్పించుకుందామని ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు. చుట్టూ కాపలా పెట్టించుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికొచ్చాడు. కవచం ఇచ్చేసినవాడూ పోయాడు, కవచంలో దాక్కున్నవాడూ పోయాడు. అందుకని కవచం ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. అది ఎక్కడిదాకా, తీసే చెయ్యి ఎవరిది?

దీనికి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మైపాడులో మా అమ్మ వాళ్లింటికి చేపలు తెచ్చే ఆమె దగ్గర దొరికింది. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి పిలకాయలకి ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది గుర్తుందా? నాలుగున్నర లక్షల మందికి పైగా ఇచ్చారు. ఆమె కూతురికీ ఒకటొచ్చింది. ఆ తర్వాతి ఎండాకాలం నేను పుట్టింటికి వెళ్లినప్పుడు, పిల్ల తల్లితో పాటు వచ్చి అరుగు మీద కూర్చుంది. ఒళ్లో పాత బొంత ముక్కలతో కుట్టిన సంచి. పిల్ల సంచిలోంచి ట్యాబ్ తీసి, సంచి పక్కన పడేసి, తడిచేతులు గౌనుకి తుడుచుకుని, గుండెకాయ ఎట్టా కొట్టుకుంటుందో నాకు బొమ్మల్లో చూపించింది. నిమిషంలో ఇంకో ముగ్గురు పిల్లలు చేరారు. నలుగురి వేళ్లూ దాని మీదే. నా ప్రాణం విలవిల్లాడింది.

"అట్టా వదిలేశావేం? సంచిలోనే పెట్టి చూసుకోమనకూడదా?" అన్నాను తల్లితో.

ఆమె కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "సంచి దోవకమ్మా. ఇంటికాణ్ణించి బడికి, బడికాణ్ణించి ఇంటికి. చేతిలో ఉన్నప్పుడు సంచెందుకు?" అంది.

ఆ రోజు ఆ మాట విని ఊరుకున్నాను. ఇన్నాళ్లకి, చుక్కని చూస్తూ నిద్రపట్టని రాత్రి, అది మళ్లీ వినబడింది. సంచి దోవకు.

దాంతో పాటు ఇంకొకటీ గుర్తొచ్చింది. 2017 ఆగస్టు 31. సాయంత్రం ఏడు గంటలకి శ్రీహరికోట నుంచి రాకెట్ వదులుతారంటే అమ్మాయిని తీసుకుని మైపాడులో మేడ మీదికెక్కాను. అది పదమూడేళ్ల పిల్ల అప్పుడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిసింది గాని, రాకెట్ వెలుగు చూడ్డానికి మాకు జిల్లాలు అడ్డు రావుగా! దక్షిణాన నారింజరంగు వెలుగు లేచింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. కిందికొచ్చి అన్నాలు తిని టీవీ పెడితే, ప్రయోగం విఫలమైందన్నారు.

ఏమైందో తెలుసా? రాకెట్ బాగానే పనిచేసింది. పధ్నాలుగు వందల ఇరవై అయిదు కిలోల ఉపగ్రహమూ బాగానే ఉంది. దాని మీద కప్పిన ఉష్ణకవచం ఊడలేదు. రాకెట్ గాలిని చీల్చుకుంటూ పోయేటప్పుడు పుట్టే వేడికీ ఒత్తిడికీ ఉపగ్రహం దెబ్బతినకుండా ముక్కు దగ్గర రెండు చిప్పల కవచం బిగిస్తారు. నూరు కిలోమీటర్లు దాటి, గాలి దాదాపు లేని చోటికి చేరాక, దాంతో పని లేదు. ఇంకా మోస్తే ఉత్త బరువు. అక్కడ రెండుగా విడిపోయి సముద్రంలో పడిపోవాలి. ఆ రోజు విడిపోలేదు. ఉపగ్రహం తన కవచంలోనే చిక్కుకుపోయింది.

"లోపల బాగానే ఉందా అమ్మా?" అనడిగింది అమ్మాయి.

"బాగానే ఉందట. బయటికే రాలేదు."

"మరి బాగున్నట్టెట్టా?" అంది.

అది దారి చూపించే ఉపగ్రహం. మన దేశం తనకంటూ ఏర్పాటు చేసుకున్న వరసలోది. ఎవరెక్కడున్నారో పటం మీద చూపించడానికి పంపిన ఉపగ్రహం ఎక్కడికీ చేరకుండా పోయింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2018 ఏప్రిల్ 12న, శ్రీహరికోట నుంచే ఇంకోదాన్ని పంపారు. ఈసారి కవచం వేళకి విడిపోయింది. గమనించారా, కవచం వద్దనుకోలేదు శాస్త్రజ్ఞులు. అది లేకుండా పంపితే కాలిపోతుంది. ఊడే కవచం కావాలనుకున్నారు.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ అమ్మాయికి చెప్పేశాను. చెప్పకముందు అది నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నేను మావారి మీద విసుక్కున్నాను, ఎవరిమీదో ఒకరిమీద విసుక్కోవాలి గదా. రాత్రి అన్నాల దగ్గర అది అంది:

"నువ్వు చూసుకోవడం తప్పని అనడం లేదమ్మా. నన్నడిగి ఉంటే నేనే పెట్టేదాన్ని గదా. చెప్పకుండా ఎందుకు పెట్టావు? నేనేం చేస్తాననుకున్నావు?"

నా దగ్గర జవాబు లేదు. "నీకేమవుతుందో" అన్న భయమే అనుకుంటూ వచ్చాను. దాని వెనక "నువ్వేం చేస్తావో" అన్నది కూడా కాస్త ఉందేమో. జేజి గవిసెన గుడ్డలోని దారం పోగు ఒకటి నా చేతికీ అంటుకునే ఉందేమో. మనం మన అమ్మల కంటే ఎంతో ముందున్నామనుకుంటాం. గుడ్డ మారింది, అంతే. కాపాడే చెయ్యికీ కట్టేసే చెయ్యికీ వేళ్లు అవే అయిదు. తేడా ఒక్కచోటే ఉంటుందనిపిస్తుంది. లోపలున్న మనిషికి చెప్పి తొడిగామా, కావాలన్నప్పుడు ఆ మనిషే విప్పుకోగలదా?

చివరికి అమ్మాయే ఒప్పందం చేసింది. "రైలు దిగి హాస్టల్లో చేరేదాకా చుక్క ఉంటుంది. ఆ తర్వాత నేను తీసేస్తాను. రాత్రిపూట ఎక్కడికైనా దూరం పోవాల్సొస్తే మళ్లీ నేనే పెడతాను. సరేనా?" సరే అన్నాను. ట్యాబ్‌ని నా మెయిలు నుంచి తన మెయిలుకి మార్చుకుంది. నాకు కనబడేట్టు తనే అనుమతి ఇచ్చింది.

బండి నెల్లూరులో కదిలింది మొదలు ఫోను చేతిలోంచి దించలేదు. కావలి దాటింది, ఒంగోలు దాటింది, చీరాల, బెజవాడ. మావారు "పడుకో" అని రెండుసార్లన్నారు, మూడోసారి కళ్లజోడు పెట్టుకుని పక్కకొచ్చి కూర్చున్నారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద చుక్క మెల్లగా జరుగుతుంటే ఇద్దరం మాటల్లేకుండా చూశాం. పేపరు చాటున నవ్వుకున్న మనిషికి కూడా బెంగ ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తెల్లారాక ఫోనొచ్చింది. "చేరానమ్మా. గది బాగుంది. కిటికీ తలుపు కొంచెం ఊగుతోంది, చెప్పాను, బాగుచేస్తారట. చుక్క తీసేస్తున్నా."

"తీసెయ్" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను.

పటం మీద చుక్క పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఉన్నమాట చెప్పుకుంటే తప్పేముంది? కవచం విడిపోయాక ఉపగ్రహం తన దారిన తాను పోతుంది. కింద నిలబడి చూసేవాళ్లకి మాత్రం ఆకాశం ఖాళీగా కనబడుతుంది.

వారం తర్వాత ఒక ఫొటో పంపింది. విశాఖ సముద్రం ఒడ్డున నలుగురు ఆడపిల్లలు గవ్వలు పరుచుకుని కూర్చున్నారు. మధ్యలో ట్యాబ్, దాని మీద ఏవో బొమ్మలు గీస్తున్నారు. పసుపురంగు కవరు పక్కన ఇసకలో పడి ఉంది.

"ఇసక జాగ్రత్తే!" అని రాశాను. పంపబోయే ముందు మళ్లీ ఒకసారి ఫొటో చూశాను. అమ్మాయి నవ్వుతోంది. రాసింది చెరిపేశాను.